అమ్మమ్మ కుట్టిన ఇంగ్లీషు అక్షరాలు: ఆడపిల్లల చదువుకు తెల్లవాళ్ళు మేలు చేశారా, కీడు చేశారా?

కలిగిరి_వాణి
మా బడి వార్షికోత్సవంలో జరిగిన సంగతి మూడు రోజులుగా మనసులో తిరుగుతోంది. ఒక అతిథి మైకు అందుకుని "ఇంగ్లీషువాళ్ళు రాకపోతే మన ఆడపిల్లలకు అక్షరం ముక్క వచ్చేది కాదు" అన్నారు. ఆయన కూర్చోగానే ఇంకో పెద్దమనిషి లేచి "మెకాలే వచ్చి మన చదువుల నడుం విరగ్గొట్టాడు, అంతకుముందు ఇంటింటా సరస్వతే" అన్నారు. ముందు వరుసలో ఉన్న మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలు రెండు మాటలకూ చప్పట్లు కొట్టారు. నేను వాళ్ళకు ఇంగ్లీషు చెప్పే టీచరును. వీటిలో ఏది నిజమని రేపు అడిగితే ఏం చెప్పాలి?

ఇంకో సంగతి కూడా ఉంది. మా అమ్మమ్మ ట్రంకు పెట్టెలో ఒక గుడ్డ దొరికింది. చేతిరుమాలుకు రెండింతలు ఉంటుంది. ముతక తెల్లగుడ్డ, ఇప్పుడు టీ రంగుకు తిరిగింది. దాని మీద ఎర్రదారంతో ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరూ వరసగా, క్రాస్ కుట్టుతో. అడుగున 1931 అని అంకెలు. కావలి దగ్గర పల్లెలో ఆడపిల్లల బడికి వెళ్ళే రోజుల్లో కుట్టిందని మా ఇంట్లో చెబుతారు. నా చిన్నప్పుడు పాలపొడి డబ్బా మీద అక్షరం చూపించి "ఇదేమిటి అమ్మమ్మా" అని అడిగితే "అది పదకొండు కుట్లది" అనేది. అక్షరం పేరు తెలియదు, కుట్ల లెక్క తెలుసు. తెలుగు భాగవతం మాత్రం గడగడా చదివేది.

ఇంగ్లీషు అక్షరాలు కుట్టించి, ఇంగ్లీషు చదవడం నేర్పని బడి ఎలాంటి బడి? అది ప్రభుత్వ విధానమా, ఆ ఊరి పద్ధతా?

పెన్నాగట్టు
రెండో పెద్దమనిషి చెప్పిందే నిజం. 1835 ఫిబ్రవరి 2న మెకాలే బ్రిటిష్ పార్లమెంటులో ఏమన్నాడో అందరికీ తెలుసు. దేశం నలుమూలలా తిరిగాను, ఒక్క బిచ్చగాడూ ఒక్క దొంగా కనబడలేదు, వీళ్ళ చదువును మారిస్తే గానీ వీళ్ళను గెలవలేం అన్నాడు. అలాంటి దేశంలో ఆడవాళ్ళు చదువురాని వాళ్ళుగా ఉన్నారంటే నేను నమ్మను.

పాతకాగితాలు
పెన్నాగట్టు గారూ, ఆ మాటలు మెకాలేవి కావు. ఆ రోజున ఆయన లండన్‌లో లేడు, కలకత్తాలో గవర్నర్ జనరల్ సభలో న్యాయ సభ్యుడిగా ఉన్నాడు. ఆ తేదీతో ఆయన రాసింది వేరే ఉంది, విద్య మీద అభిప్రాయ పత్రం. సంస్కృతం, అరబ్బీ చదువుల మీద పెట్టే డబ్బు ఇంగ్లీషు చదువు మీద పెట్టాలని అందులో వాదించాడు. మన సాహిత్యాన్ని తక్కువ చేసి మాట్లాడాడు కూడా. కోపం రావడానికి అసలు పత్రమే చాలు, దొంగ ఉల్లేఖన అక్కరలేదు.

వాణి గారు అడిగినదానికి కావలసింది ఏమిటంటే, ఆ పత్రంలో మన ఆడపిల్లల చదువు ఊసు లేదు. పాలకులకూ ప్రజలకూ మధ్య దుబాసీల్లా పనికివచ్చే ఒక తరగతిని తయారు చేసుకోవాలన్నది ఆయన ఆలోచన. దుబాసీ పని మగవాడిది. అందుకే ఆడపిల్లలు ఆ లెక్కలోకే రాలేదు.

పెన్నాగట్టు
సరే, ఆ మాట ఎవరిదైనా కావచ్చు. అంతకుముందు మన ఊళ్ళలో బళ్ళు ఉన్న మాట అబద్ధమా?

పాతకాగితాలు
ఉన్నాయి. చాలానే ఉన్నాయి. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో కలెక్టర్లందరికీ తాకీదు పంపి లెక్క తీయించాడు. 1826 నాటికి తేలిన లెక్క ప్రకారం మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) మొత్తం మీద 12,498 బళ్ళు, 1,88,650 మంది పిల్లలు. అంతకు కొంతకాలం ముందు ఐరోపాలోని చాలా దేశాల్లో ఉన్న చదువుకన్నా ఇది మెరుగేనని మన్రోనే ఒప్పుకున్నాడు. కాకపోతే ఆ పిల్లల్లో ఆడపిల్లలు 4,540 మంది. నూటికి ముగ్గురు కూడా లేరు.

దర్శి_రమణ
ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఆ లెక్కలో పడి ఉండరు కదా?

పాతకాగితాలు
పడలేదు. అది నిజమే. కానీ మన్రో ఇంకో మాట రాశాడు. ఇంటి ఆడవాళ్ళు చదవడం తగని పని అనీ, చదువు నాట్యం చేసే స్త్రీలకే చెల్లుతుందనీ జనం అనుకుంటున్నారన్నాడు. ఆ అభిప్రాయాన్ని మెకాలే మన నెత్తిన పెట్టలేదు. అంతకుముందే ఉంది.

మనుబోలు_మాస్టారు
నేను ముప్పై ఆరేళ్ళు బడిపంతులుగా చేశాను. పాతకాగితాలు గారి లెక్కలతో నాకు పేచీ లేదు. మా ఇంట్లో విన్నది ఒకటి చెబుతాను.

మా తాత ఎయిడెడ్ బడిలో పంతులు. ఆయన కుర్రతనంలో గ్రాంటు విధానం ఎలా ఉండేదంటే, ఇన్‌స్పెక్టరు ఏడాదికి ఒకసారి వచ్చి ఒక్కొక్క పిల్లను పరీక్షించేవాడు. చదవడం, రాయడం, లెక్కలు, ఆడపిల్లలైతే కుట్టుపని. ఎంతమంది ప్యాసైతే అంత గ్రాంటు. పంతులు ఇంట్లో పొయ్యి వెలగడం ఆ రోజు మీద ఆధారపడి ఉండేది. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురు తెలిస్తే మా నాయనమ్మ వీధి వీధీ తిరిగి, తల్లులను బతిమాలి, ఆడపిల్లలకు తలలు దువ్వి తీసుకొచ్చేదట. ఒక పిల్ల చంకలో తమ్ముణ్ణి దింపకుండానే ఇన్‌స్పెక్టరు ముందు నిలబడి పద్యం అప్పజెప్పిందట. ఆ పద్యం నడుస్తుండగా చంకలో బిడ్డ ఏడుపు అందుకుంటే ఇన్‌స్పెక్టరు తన జేబులోంచి గొలుసు గడియారం తీసి బిడ్డ చేతికిచ్చాడట. పిల్ల ప్యాసు. ఈ కథ చెప్పిన ప్రతిసారీ మా నాయనమ్మ కళ్ళు మెరిసేవి.

అందుకే వాణమ్మా, కుట్టుగుడ్డ ఆ రోజుల్లో ఆటవస్తువు కాదు. పరీక్ష కాగితం లాంటిది. ప్రతి పిల్లా అక్షరాలు కుట్టి చూపించాలి. గుడ్డల మీద ఇంటిపేరు అక్షరాలు కుట్టడం ఇంగ్లండులో ఇల్లాలికి వచ్చి తీరవలసిన పని. ఆ పాఠ్యక్రమం ఓడ దిగి నేరుగా మన పల్లెకు వచ్చింది.

పొదిలి_బీఎడ్
అంటే అమ్మమ్మగారికి నేర్పింది ఇంగ్లీషు కాదన్నమాట. ఇంగ్లండు ఇల్లాలి కుట్టుపని నేర్పారు.

కలిగిరి_వాణి
మాస్టారూ, మీ నాయనమ్మగారి కథ మా పిల్లలకు తప్పకుండా చెబుతాను. పొదిలి అమ్మాయి మాట చదివి కాసేపు అలాగే ఉండిపోయాను.

ఒంగోలు_సుధాకర్
ఈ చర్చలో అందరూ "మన ఆడపిల్లలు" అంటున్నారు. ఎవరి ఆడపిల్లలు? ఆ ప్రశ్న వేయకుండా ఇంటింటా సరస్వతి అంటే నాకు కడుపు మండుతుంది. మా వాడలోని ఇళ్ళకు ఏ సరస్వతినీ రానివ్వలేదు. బడి అరుగు మీద కాదు కదా, బడి ఉన్న వీధిలో కూడా మా వాళ్ళు నడవలేకపోయారు.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఆ మిషన్‌కే చెందిన క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టుకు తీసుకుని మా వాళ్ళకు కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ఆ మనుషులకు బళ్ళు పెట్టారు, ఆడపిల్లలకు హాస్టళ్ళు పెట్టారు. మా తాతమ్మ అలాంటి హాస్టల్లో చదివింది. భూస్వామి ఇంట్లో దొరసాని వేలిముద్ర వేసే రోజుల్లో, ఆ ఇంటి పశువుల కొట్టం ఊడ్చిన మనిషి కూతురు ఉత్తరం చదివి పెట్టేది. ఊరివాళ్ళు మనియార్డరు ఫారం పట్టుకుని మా తాతమ్మ గుమ్మం ముందు నిలబడిన మాట మా ఇంట్లో మూడు తరాలుగా చెప్పుకుంటున్నాం. లోపలికి మాత్రం రారు. గుమ్మం బయట నుంచే కాగితం చాచేవాళ్ళు.

పెన్నాగట్టు
సుధాకర్ గారూ, మీ బాధ అర్థమవుతుంది. కానీ వాళ్ళు చదువు చెప్పింది మతం కోసం కదా.

ఒంగోలు_సుధాకర్
మతం కోసమే. దాచుకునే విషయం కాదు. బైబిలు చదవాలి కాబట్టి చదువు చెప్పారు. మరి మతం ఆశించకుండా మా తాతమ్మకు అ ఆలు దిద్దించడానికి ఆ ఊళ్ళో ఎవరు ముందుకొచ్చారో చెప్పండి, వాళ్ళకూ దండం పెడతాను.

వాణి గారి ప్రశ్నకు సంబంధించి ఒక్క మాట. మా తాతమ్మకు ముందు నేర్పింది తెలుగే. బైబిలు తెలుగులో ఉంది కాబట్టి తెలుగే సరిపోయింది. ఇంగ్లీషు పై తరగతులకు వెళ్ళిన కొద్దిమందికే. ఆమె ఆరో ఏట తెలుగు చదివింది, పదహారో ఏట కూడా తెలుగే చదువుతోంది. మిషన్ బడి అనగానే ఇంగ్లీషు గలగలలాడిందని అనుకోవద్దు.

పాతకాగితాలు
సుధాకర్ గారు చెప్పింది ప్రభుత్వ పత్రాలతో సరిగ్గా కలుస్తుంది. ఇక్కడి విద్య మీద లండన్ నుంచి వచ్చిన 1854 జూలై 19 నాటి ఉడ్ తాకీదు చదవండి. సామాన్యులకు చదువు దేశభాషల్లోనే అందాలనీ, ఇంగ్లీషు దానికి గిరాకీ ఉన్నచోటే అనీ అందులో ఉంది. స్త్రీవిద్యకు ప్రభుత్వం మనస్ఫూర్తిగా తోడ్పడాలనీ ఉంది. ప్రైవేటు బళ్ళకు గ్రాంటు పద్ధతి మొదలైంది అక్కడే.

1882లో విద్య మీద ప్రభుత్వం వేసిన హంటర్ కమిషన్ ఇంకో అడుగు వేసింది. అడుగు ముందుకా వెనక్కా అన్నది మీరే తేల్చుకోండి. ఆడపిల్లల బళ్ళకు గ్రాంటు ధారాళంగా ఇవ్వాలంది, ఆడ ఉపాధ్యాయులను తయారు చేయాలంది, స్త్రీ ఇన్‌స్పెక్టర్లు కావాలంది. అదే నోటితో ఆడపిల్లల ప్రాథమిక చదువు మగపిల్లల చదువుకన్నా తేలికగా ఉండాలనీ, ఇంటి అవసరాలనూ ఆడవాళ్ళు చేయగల పనులనూ దృష్టిలో పెట్టుకుని పాఠాలు తయారు చేయాలనీ సిఫారసు చేసింది. వాణి గారి అమ్మమ్మ చేతిలో పుస్తకానికి బదులు సూది ఎందుకు పడిందో ఆ వాక్యంలో ఉంది.

మనుబోలు_మాస్టారు
విధానం ఎంత చెప్పినా, తల్లిదండ్రులు పంపితే కదా. ఇంగ్లీషు అంటే ఉద్యోగం. కచేరీలో గుమాస్తా, రైల్వేలో బుకింగు, తాలూకా ఆఫీసులో కొలువు. ఆడపిల్లకు ఉద్యోగం లేదు, అందుకని ఇంగ్లీషు లేదు. ఫోర్త్ ఫారం, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతి నుంచి పాఠాలన్నీ ఇంగ్లీషులోనే నడిచిన రోజులవి. అంత దూరం ఏ ఆడపిల్లను పంపుతారు? పది పదకొండేళ్ళకే పెళ్ళి. నా మటుకు అసలు గోడ పెళ్ళే, పాఠ్యక్రమం తర్వాత.

పొదిలి_బీఎడ్
మాస్టారూ, గోడ ఉందని తెలిసి మెట్లు కూడా కట్టకపోవడం మాత్రం విధానం తప్పే కదండీ. పిల్ల నిజంగా చదవాలనుకున్నా ఆమె బడిలో ఇంగ్లీషు వాచకమే లేదు.

మనుబోలు_మాస్టారు
అది ఒప్పుకుంటాను తల్లీ. బాగా అడిగావు.

అల్లూరు_అనూరాధ
ఇంతసేపూ దొరలు, మిషనరీలు, కమిషన్లు. మన నెల్లూరు ఆడవాళ్ళు ఏం చేశారో ఎవరూ చెప్పరేమిటి? పొణకా కనకమ్మ గారిని మరిచిపోతే ఎలా! చిన్నతనంలోనే పెళ్ళయింది, బడి చదువు లేదు, ఇంట్లోనే పట్టుదలగా చదువుకున్నారు. అలాంటి మనిషి 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. 1929లో గాంధీజీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. జైలుకు వెళ్ళారు, కవిత్వం రాశారు, బడి నడిపారు. ఉత్తర దిక్కున రాజమండ్రి పక్క ధవళేశ్వరంలో వీరేశలింగం గారు 1874లోనే బాలికల పాఠశాల పెట్టారు, అదీ గొప్పే. కానీ ఒక ఆడమనిషి తనకు దక్కని బడిని ఊళ్ళో ఆడపిల్లలందరికీ కట్టి ఇవ్వడం వేరు. నేను ఆ గేటు ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ రిక్షా ఆపమనేదాన్ని.

దర్శి_రమణ
ఒంగోలు వైపు నుంచి కె.ఎన్. కేసరి గారి పేరు కూడా చేర్చండి. ఇనమనమెళ్ళూరులో పుట్టి, బీదతనంలో మద్రాసు చేరి, ఆయుర్వేద మందులతో సంపాదించి, 1928లో ఆడవాళ్ళ కోసం గృహలక్ష్మి పత్రిక మొదలుపెట్టారు. మా ఇంట్లో అటక మీద పాత సంచికలు ఉండేవి. చెదలు తినేశాయి.

అల్లూరు_అనూరాధ
అయ్యో! అటక మీద ఎందుకు పెట్టారండీ!

దర్శి_రమణ
నేను పుట్టకముందే పెట్టారమ్మా.

పాతకాగితాలు
పాత రికార్డులు వెతికేవాళ్ళకు చిన్న సూచన. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉంది. కాబట్టి అంతకు ముందటి ఒంగోలు బళ్ళ వివరాలు నెల్లూరు కింద చూడాలి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది, తర్వాత అదే ప్రకాశం జిల్లా అయింది. ఇది తెలియక చాలామంది గుంటూరు కాగితాల్లో వెతికి, ఏమీ లేదని తేల్చేస్తారు.

సూదీదారం
మా కందుకూరు నెల్లూరు నుంచి ప్రకాశానికి వెళ్ళి 2022లో మళ్ళీ నెల్లూరుకు వచ్చింది. మా ఊరి రికార్డుల కోసం రెండు చోట్లా తిరగాల్సిందే!

నాకు చరిత్ర పెద్దగా తెలియదు. ఇరవై రెండేళ్ళుగా కుట్టుపని చేస్తున్నాను. పదకొండు కుట్ల అక్షరం ఏమిటని ఆలోచించాను. ఏడు కుట్ల ఎత్తు, అయిదు కుట్ల వెడల్పు పెట్టుకుంటే ఎల్‌కు పదకొండు పడతాయి, టీకి కూడా పదకొండే. పాలపొడి డబ్బా మీద రెండూ ఉండి ఉండవచ్చు. అమ్మమ్మగారి లెక్క తప్పు కాదు.

వాణి గారూ, గుడ్డను తిరగేసి చూశారా? కుట్టిన మనిషి సంగతి ముందు వైపు కన్నా వెనక వైపు బాగా తెలుస్తుంది.

పెన్నాగట్టు
నేనూ ఒక లెక్క అడగాలి. అమ్మమ్మగారు ఏ సంవత్సరంలో పుట్టారు? గుడ్డ మీద 1931 ఉందన్నారు. అప్పటికి పెళ్ళి కాలేదా?

కలిగిరి_వాణి
1918లో పుట్టింది. పెళ్ళి శారదా చట్టం వచ్చే ముందు అయిందని మా అమ్మ అంటుంది. మీరు అడిగేదాకా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

పాతకాగితాలు
శారదా చట్టం 1929లో చేశారు, అమలు 1930 ఏప్రిల్ 1 నుంచి. పెళ్ళికి ఆడపిల్లకు పద్నాలుగేళ్ళు నిండాలని నియమం. అమలులోకి వచ్చేలోపు దేశమంతటా హడావుడిగా చిన్నపిల్లల పెళ్ళిళ్ళు చేసేశారు. మీ అమ్మమ్మగారిది ఆ వరసలోని పెళ్ళే అయితే, 1930 మార్చి నాటికి పదకొండో పన్నెండో ఏళ్ళు. మరుసటి ఏడాది ఆ గుడ్డ కుట్టిందెవరు?

మనుబోలు_మాస్టారు
పెళ్ళయినా కాపురానికి పంపేదాకా పుట్టింట్లోనే ఉంటారు కదా. ఇంట్లో కూర్చుని పూర్తి చేసి ఉండవచ్చు.

సూదీదారం
ఊహలు వద్దు. గుడ్డ తీసుకుని వెలుతురులో కూర్చోండి. క్రాస్ కుట్టులో ఒక దారం కింద, ఒకటి పైన పడుతుంది. పైన పడ్డ దారం ఏ పక్కకు వాలి ఉందో ఒక్కొక్క అక్షరమూ చూసుకుంటూ వెళ్ళండి. తర్వాత వెనక్కి తిప్పి, దారం ఎక్కడ ముడి పడిందో చూడండి.

కలిగిరి_వాణి
రాత్రి భూతద్దం పెట్టుకుని చూశాను. ఏ నుంచి క్యూ దాకా పై దారం అంతా కుడి పక్కకు వాలి ఉంది. ఆర్ నుంచి చివరి దాకా ఎడమ పక్కకు. 1931 అంకెలు కూడా ఎడమ పక్కకే. వెనక వైపు క్యూ తోక దగ్గర దారం తెగి, బొటనవేలి గోరంత ముడి ఉంది. ఆర్ కొత్త దారంతో మొదలైంది. ఎరుపులో కూడా కొంచెం తేడా ఉంది, కొత్తది ముదురు.

సూదీదారం
రెండో మనిషిది ఎడమచేతి వాటం అయి ఉంటుంది.

కలిగిరి_వాణి
మా పెద్దమ్మకు ఫోను చేశాను. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. "ఎడమచేత్తో కుట్టేది మా పిన్ని" అంది వెంటనే. అమ్మమ్మ చెల్లెలు. నాలుగేళ్ళు చిన్న. అన్నం కుడిచేత్తో తినేదట, సూది మాత్రం ఎడమచేత్తోనే పట్టేదట.

పెద్దమ్మ చెప్పింది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. చట్టం వస్తోందని ఆ ఏడు మాఘంలో అమ్మమ్మకు పెళ్ళి చేశారు. పెళ్ళి మాట అనుకున్న రోజు నుంచి బడికి పంపలేదు. పలకా, గుడ్డా, సూదులడబ్బా చెల్లెలికి ఇచ్చారు. చెల్లెలికి అప్పుడు ఎనిమిదేళ్ళు. మరీ చిన్నదని ఆ ముహూర్తానికి వదిలేశారు, తర్వాత చట్టం భయం. ఆమె ఎనిమిదో తరగతి దాకా చదివి, ట్రైనింగ్ అయి, ముప్పై ఏళ్ళు టీచరుగా చేసింది. ఆమె ఉద్యోగం సంగతి నాకు తెలుసు. అదే బడిలో, అదే గుడ్డ మీద ఆమెకన్నా ముందు అమ్మమ్మ కూర్చుందని మాత్రం ఇన్నేళ్ళూ తట్టలేదు. చిన్నమ్మమ్మ ఇంగ్లీషు పేపరు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం నేను చూశాను. పక్కనే అమ్మమ్మ కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉండేది.

ఒంగోలు_సుధాకర్
అమ్మమ్మగారి చదువు క్యూ దగ్గర ఆగింది.

మనుబోలు_మాస్టారు
పెళ్ళే గోడ అన్నాను. చట్టం వస్తోందన్న భయంతోనే ఆ గోడ ముందుకు జరిగి ఆ పిల్ల మీద పడుతుందని నేను అనుకోలేదు. చెల్లెలికి అదే చట్టం దారి వదిలింది.

పెన్నాగట్టు
నేను మొదట పెట్టిన మెకాలే మాటలు తీసేయమని నిర్వాహకులను అడిగాను. పాతకాగితాలు గారి జవాబు మాత్రం ఉంచండి.

పొదిలి_బీఎడ్
వాణి మేడం, సోమవారం తరగతిలో ఏం చెబుతారు?

కలిగిరి_వాణి
గుడ్డ తీసుకువెళతాను. ముందు ఏమీ చెప్పను. కుట్టు ఎక్కడ మారిందో వాళ్ళనే పట్టుకోమంటాను. ఎడమచేతి వాటం పిల్ల ఒకతె ఉంది మా తరగతిలో, ఆమె చేతికి ముందు ఇస్తాను.

సూదీదారం
చేతులు కడుక్కుని పట్టుకోమనండి. గుడ్డను నీళ్ళలో మాత్రం పెట్టకండి, పాత ఎర్రదారం రంగు వదలవచ్చు. అద్దంలో బిగిస్తే వెనక వైపు కూడా కనబడేలా రెండు అద్దాల మధ్య పెట్టించండి. ఆ ముడి కనబడాలి.